ఆ లాయర్ మీ కోసం రాలేదు

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అకౌంట్స్‌లో అసిస్టెంట్ మేనేజర్‌ని. రెండేళ్లుగా మా మేనేజర్ సార్ చెప్పిన నలుగురు వెండర్లకి క్రేన్ అద్దెలు, మట్టి తోలిన బిల్లులు పాస్ చేస్తున్నాను. సైట్ ఇంజనీర్ సంతకం లేనివి కూడా "పోస్ట్ చెయ్యమ్మా, సంతకం తర్వాత తెప్పిస్తా" అంటే చేసేశాను. ఆ డబ్బు గవర్నమెంట్ ఆఫీసర్లకి లంచాలుగా వెళ్లిందని ఇప్పుడంటున్నారు. ముంబై నుంచి పెద్ద లా ఫర్మ్ వాళ్లు దిగి ఒక్కొక్కరినీ కాన్ఫరెన్స్ రూమ్‌లోకి పిలుస్తున్నారు. నా వంతు వచ్చే మంగళవారం. వాళ్లలో ఒకాయన చాలా మర్యాదగా "భయపడకండి, మేం హెల్ప్ చేయడానికే వచ్చాం" అన్నాడు. మా లీగల్ హెడ్ గారు నాకు అన్నయ్యలాంటివారు, ఆయనకి ఇప్పటికే అంతా చెప్పాను. మేనేజర్ సార్ వాట్సాప్ చాట్ డిలీట్ చెయ్యమంటున్నారు. నాన్న రిజైన్ చేసి ఖమ్మం వచ్చెయ్యమంటున్నారు, కానీ ఫ్లాట్ లోన్ ఉంది. ఆ లాయర్‌కి అన్నీ చెప్పేయొచ్చా? ఫోన్ అడిగితే ఇవ్వాలా? నిద్ర పట్టట్లేదు.
ఓ అకౌంటెంట్, హైదరాబాద్

సమాధానం:

ఇంకేదైనా చదివే ముందు ఒకటి వినండి. ఆ చాట్ డిలీట్ చేయకండి. చదవడం ఆపి ఫోన్ తీసి, ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే ఆపేసి రండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతి. "మేం హెల్ప్ చేయడానికే వచ్చాం" అన్న ఆయన అబద్ధం చెప్పలేదు, కాకపోతే ఎవరికి హెల్ప్ అన్నది చెప్పలేదు. ఆయన్ని పెట్టుకున్నది కంపెనీ, ఫీజు కట్టేది కంపెనీ, ఆయన రిపోర్ట్ ఇచ్చేది బోర్డుకి. ఆయన దృష్టిలో మీరు క్లయింట్ కారు, క్లయింట్ దగ్గర పని చేసే మనిషి. మీకూ కంపెనీకీ దారి ఒకటే అయినంతసేపు ఆయన మీతో ఎంత మంచిగానైనా ఉంటాడు. దారులు విడిపోయిన రోజున ఆయన ఎటు నడవాలో చట్టమూ, ఆయన వృత్తి నియమాలూ ముందే తేల్చేశాయి. అందుకని ఆయన్ని చెడ్డవాడు అనుకోనక్కర్లేదు. మీ అత్తగారింటి పురోహితుడు మీ పుట్టింటి పెళ్లి చేయడు కదా, అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను కొన్నేళ్లు ఆ టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నదాన్ని. జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటి ఒక ఇన్వెస్టిగేషన్ టీమ్‌లో నన్ను వేసుకున్నారు, కారణం నా తెలివితేటలేం కాదు, టీమ్ మొత్తంలో తెలుగు వచ్చింది నాకొక్కదానికే. ఓ హోటల్ మీటింగ్ రూమ్‌లో స్టోర్స్ క్లర్క్ ఒకాయన్ని కూర్చోబెట్టారు, యాభై దాటిన మనిషి. మొదట్లోనే మా సీనియర్ ఒక కాగితం చూసి ఇంగ్లీష్‌లో గడగడా చదివాడు, మేం కంపెనీ తరఫు లాయర్లం, మీ తరఫు కాదు, మీరు చెప్పినదాని మీద గోప్యత హక్కు కంపెనీది, కంపెనీ కావాలనుకుంటే దాన్ని ఎవరికైనా ఇవ్వొచ్చు, అర్థమైందా అని. ఆయన తలూపాడు. అర నిమిషం కూడా పట్టలేదు. తర్వాత మూడు గంటలు నాతో తెలుగులో అన్నీ చెప్పుకున్నాడు, తనకి తెలిసినవీ, తెలియనివీ, ఊహించినవీ. లేచి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి నన్నడిగాడు, "రేపు ఏదన్నా అయితే నా బెయిల్ సంగతి మీరే చూస్తారు కదమ్మా?" అని. నేనేం చెప్పానో కూడా గుర్తు లేదు, చెప్పి ఉంటే నీళ్లు నమిలి ఉంటాను. ఆ మూడు గంటల నోట్స్ బోర్డుకి వెళ్లాయి, అక్కణ్నుంచి దర్యాప్తు సంస్థకి వెళ్లాయి, తర్వాత వచ్చిన నిందితుల జాబితాలో ఆయన పేరుంది. ఆ పని నేను మానేయడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి గానీ, ఇది మాత్రం నన్ను వదల్లేదు.

ఆ సీనియర్ చదివిన కాగితాన్ని లా ఫర్మ్‌ల భాషలో అప్‌జాన్ వార్నింగ్ అంటారు. అప్‌జాన్ అనేది అమెరికాలో ఒక మందుల కంపెనీ. దాని విదేశీ శాఖ ఒకటి అక్కడి ప్రభుత్వాధికారులకి డబ్బులిచ్చిందని 1976లో బయటపడింది, కంపెనీ లాయర్లు ఉద్యోగుల్ని అడిగి వివరాలు రాబట్టారు, ఆ వివరాలు మాకివ్వండి అని ప్రభుత్వం అడిగింది. కేసు అమెరికా సుప్రీం కోర్టు దాకా పోయి 1981లో తేలింది, ఉద్యోగులు కంపెనీ లాయర్‌కి చెప్పిన మాటలు రహస్యమే అని. వినడానికి ఉద్యోగికి మంచి కబురులాగే ఉంటుంది. మెలిక ఏంటంటే ఆ రహస్యానికి సొంతదారు ఉద్యోగి కాదు, కంపెనీ. కంపెనీకి నోరు మూసుకోవడం లాభమైతే మూసుకుంటుంది, విప్పడం లాభమైతే మీరు చెప్పిందంతా తీసుకెళ్లి టేబుల్ మీద పెడుతుంది, మిమ్మల్ని అడగనక్కర్లేదు. మన పద్ధతీ దీనికి దగ్గరే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ (పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 126) క్లయింట్ అనుమతి లేకుండా లాయర్ నోరు విప్పకూడదంటుంది. ఇక్కడ క్లయింట్ ఎవరో మళ్లీ చెప్పనక్కర్లేదనుకుంటా.

మరి విప్పడం లాభం ఎప్పుడవుతుంది? మీ లెటర్‌లో లంచాల మాట ఉంది కాబట్టి అక్కణ్నుంచే చెప్తాను. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించినప్పుడు కంపెనీల్ని కూడా నేరుగా అందులోకి తెచ్చారు. 9వ సెక్షన్ ప్రకారం కంపెనీకి సంబంధించినవాళ్లు పని కోసం లంచమిస్తే కంపెనీకి జరిమానా. అయితే కంపెనీకి ఒక తప్పుకునే దారి కూడా ఆ సెక్షన్‌లోనే పెట్టారు, లంచాలు ఆపడానికి మేం తగిన ఏర్పాట్లన్నీ చేశాం అని రుజువు చేసుకోవచ్చు. ఇప్పుడు లా ఫర్మ్ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. "కంపెనీ పాలసీ బంగారం, ట్రైనింగ్ ఇచ్చాం, సంతకాలు తీసుకున్నాం, కొందరు ఉద్యోగులు దాన్ని తొక్కేసి సంతకం లేని బిల్లులు పాస్ చేశారు." కంపెనీకి ఇంతకంటే మంచి కథ లేదు. అందులో ఆ "కొందరు" అన్నచోట ఎవరి పేర్లు పడతాయో, ప్రతి ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో చదవకుండా క్లిక్ కొట్టే కోడ్ ఆఫ్ కాండక్ట్ ట్రైనింగ్ ఎవరి మీద సాక్ష్యమవుతుందో మీరే ఊహించుకోండి. ఇదంతా కుట్ర అనట్లేదు. డిఫెన్స్ అంటేనే అది, మంచి లాయర్ ఎవరైనా ఆ దారినే వెతుకుతాడు.

అమెరికాలో ఇది ఇంకా బాహాటం. అక్కడి న్యాయశాఖ 2015లోనే చెప్పేసింది, సహకరించినందుకు రాయితీ కావాలంటే తప్పు చేసిన మనుషుల వివరాలన్నీ ఇవ్వాలి అని. అమెరికా ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ చెన్నై కేసు మీరు వినే ఉంటారు. అక్కడి క్యాంపస్ ప్లానింగ్ పర్మిట్ కోసం తమిళనాడులో ఒక అధికారికి దాదాపు 20 లక్షల డాలర్ల లంచానికి కంపెనీ పైవాళ్లు ఒప్పుకున్నారన్నది ఆరోపణ. కంపెనీ లోపల ఇన్వెస్టిగేషన్ చేయించుకుని, తనే వెళ్లి ప్రభుత్వానికి చెప్పుకుంది. 2019 ఫిబ్రవరిలో అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి రెండున్నర కోట్ల డాలర్లు కట్టి తేల్చుకుంది, న్యాయశాఖ కంపెనీ మీద కేసు పెట్టకుండా వదిలేసింది. అదే రోజుల్లో ప్రెసిడెంట్‌గా చేసినాయన మీదా, కంపెనీ లీగల్ వ్యవహారాలన్నీ చూసిన పెద్దాయన మీదా క్రిమినల్ అభియోగాలు పడ్డాయి. వాళ్లిద్దరూ మాత్రం తప్పు చేయలేదని ఆరేళ్లు పోరాడారు, 2025లో ప్రభుత్వమే కేసు వెనక్కి తీసుకుంది. ఆరేళ్లు! వాళ్లకి పెద్ద పెద్ద లాయర్లున్నారు, డబ్బుంది. నెలాఖరుకి ఈఎంఐ కట్టుకునే మనకి ఆరు నెలలే ఎక్కువ.

ఇంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌నే చూడండి. సత్యం కంప్యూటర్స్ రాజు గారి లెటర్ 2009 జనవరి 7న వచ్చింది, బ్యాలెన్స్ షీట్‌లో చూపించిన క్యాష్‌లో 5,040 కోట్లు లేనే లేవని. దర్యాప్తులో 7,561 దొంగ ఇన్వాయిస్‌లు బయటపడ్డాయి, సిస్టమ్‌లో ఉన్నా మిగతావాళ్ల కంటికి కనపడకుండా దాచి పెట్టినవి. ఊళ్లో అందరికీ రాజు గారు గుర్తున్నారు, ఆడిటర్లు గుర్తున్నారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు ఏడేళ్ల జైలు వేసిన ఆ పదిమందిలో ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కూడా ఉన్నారనీ, వాళ్లలో ఒకరి హోదా అసిస్టెంట్ మేనేజర్ అనీ ఎంతమందికి గుర్తుంది? మీ హోదా చూసుకోండి. (మరుసటి నెలలోనే పైకోర్టు ఆ శిక్షలు నిలిపేసి బెయిల్ ఇచ్చింది, అది వేరే సంగతి.) మీ విషయం వాళ్లలాంటిదని నేను అనట్లేదు, ఏది తెలిసి చేశారో ఏది తెలియక చేశారో అన్నదాని మీదే అంతా ఉంటుంది. నేను చెప్పేది ఒకటే, "నేను చిన్న ఉద్యోగిని, పైవాళ్లు చెప్తే చేశాను" అన్నది తాయెత్తు కాదు. ఇక కంపెనీ సంగతంటారా, 2009లోనే టెక్ మహీంద్రా చేతికెళ్లి మహీంద్రా సత్యం అయింది, అమెరికా ఎస్ఈసీకి కోటి డాలర్లు, అక్కడి షేర్‌హోల్డర్లకి పన్నెండున్నర కోట్ల డాలర్లు కట్టి లెక్క తేల్చుకుంది, 2013లో విలీనమై ఆ పేరే లేకుండా పోయింది. కంపెనీకి పేరు మార్చుకునే వీలుంది. మీ ఆధార్ మీద పేరు మారదు.

ఇప్పుడు మీ అన్నయ్యలాంటి లీగల్ హెడ్ గారి సంగతి. ఇది మీకు నచ్చదు, అయినా చెప్పాలి. ఆయనకి చెప్పిన మాటలకి మీ తరఫున రక్షణేమీ లేదు, ఆయన కూడా కంపెనీ మనిషే. పైగా 2025 అక్టోబర్ 31న సుప్రీం కోర్టు ఇంకో సంగతి తేల్చింది, కంపెనీ జీతం మీద ఫుల్‌టైమ్ పని చేసే లాయర్లు ప్రాక్టీస్ చేసే అడ్వకేట్ల కిందికి రారు కాబట్టి ఆ 132వ సెక్షన్ గోప్యత వాళ్లకి వర్తించదని. ఈడీ వాళ్లు సుప్రీం కోర్టు సీనియర్ లాయర్లకే సమన్లు పంపి గొడవైంది చూడండి, ఆ వ్యవహారంలో వచ్చిన తీర్పు ఇది. అంటే రేపు ఏ ఏజెన్సీ అయినా ఆయన్ని పిలిచి "ఆ అమ్మాయి మీతో ఏం చెప్పింది?" అని అడిగితే "అది లాయర్‌కి చెప్పిన మాట, చెప్పను" అని ఆయన మిమ్మల్ని కాపాడలేడు, కాపాడాలని మనసులో ఎంత ఉన్నా సరే. చెప్పేసింది చెప్పేశారు, దాని గురించి కుమిలిపోకండి. ఏ రోజు, ఎక్కడ, ఏం చెప్పారో గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసి మీ లాయర్‌కివ్వండి. ఇకమీదట ఆయనతో టీ తాగండి, కేసు మాట్లాడకండి.

మీ లాయర్ అన్నాను కదా. మంగళవారం లోపు మీకొక సొంత లాయర్ కావాలి, ఇది ఐచ్ఛికం కాదు. సివిల్, ఫ్యామిలీ కేసులు చూసే మీ బంధువు వద్దు, నాంపల్లి కోర్టుల్లో ఆర్థిక నేరాల కేసులు వాదించే క్రిమినల్ లాయర్‌ని చూసుకోండి, ఒక గంట కన్సల్టేషన్ అయినా చాలు. డబ్బు లేదంటారా, ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టంలోనే ఉంది, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. అక్కడ దొరికేవాళ్లకి ఇలాంటి కేసుల్లో అనుభవం ఉందో లేదో అడిగి తెలుసుకోండి, మొహమాటపడకండి. "మా లాయరే నీకూ చూస్తాడులే" అని మేనేజర్ సార్ అంటే మాత్రం చేతులు జోడించి వద్దనండి. ఈ వ్యవహారంలో కంపెనీ కంటే ముందు మీ దారికి అడ్డొచ్చేది ఆయనే. కంపెనీయే ఉద్యోగులకి విడిగా లాయర్‌ని పెట్టి ఫీజు కట్టడం కూడా ఉంటుంది, అది తప్పేం కాదు, కాకపోతే ఆ లాయర్ బాధ్యత మీకే తప్ప కంపెనీకి కాదని రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంటర్వ్యూకి వెళ్లొద్దా అంటే, వెళ్లాలి. మౌనంగా ఉండే హక్కు రాజ్యాంగం 20(3)లో ఉంది గానీ అది నిందితుడికి ప్రభుత్వం నుంచి రక్షణ, ప్రైవేటు కంపెనీ అడిగిన ప్రశ్నకి కాదు. రాను అంటే సహకరించలేదని ఉద్యోగంలోంచి తీసేయొచ్చు. మీ లాయర్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటానని ముందే మెయిల్‌లో అడగండి, ఒప్పుకోవాలని చట్టమేం లేదు, చాలామంది ఒప్పుకోరు, అయినా అడిగినట్టు రికార్డులో ఉంటుంది. లోపలికి వెళ్లగానే మీరే ముందు అడగండి, మీ క్లయింట్ ఎవరు, నేను చెప్పేది సీబీఐకో ఈడీకో వెళ్తుందా, నోట్స్ కాపీ నాకిస్తారా అని. జవాబులు మీకు నచ్చకపోవచ్చు. ఆ కాగితం ఇంగ్లీష్‌లో చదివితే ఆపి తెలుగులో చెప్పమనండి, తెలుగులోనే జవాబు చెప్తానని అనండి. ఇంగ్లీష్ రాదనుకుంటారేమో అని సిగ్గుపడే చోటు కాదది.

అబద్ధం మాత్రం ఆడొద్దు, ఒక్కటి కూడా. మీ ముందు కూర్చున్నవాళ్ల దగ్గర మీ రెండేళ్ల మెయిల్స్ అన్నీ ఉంటాయి, ఏ బిల్లు ఏ రోజు ఎన్నింటికి ఎవరి లాగిన్‌తో పోస్ట్ అయిందో ప్రింట్ తీసుకుని ఉంటారు. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి, గుర్తు లేనిది గుర్తు లేదనండి. డాక్యుమెంట్ చూపించకుండా అడిగితే చూపించమనండి. అన్నిటికంటే ప్రమాదకరమైన ప్రశ్న చాలా మెత్తగా వస్తుంది: "అన్ని బిల్లులు సంతకం లేకుండా వస్తుంటే మీకెక్కడో అనుమానం వచ్చే ఉంటుంది కదండీ?" మనవాళ్లు ఇలాంటిదానికి మర్యాద కోసం తలూపుతారు, "ఆ... వచ్చింది సార్" అంటారు, ఎదుటి మనిషిని చిన్నబుచ్చడం ఎందుకని. నోట్స్‌లో అది "చెల్లింపులు సక్రమం కావని తనకి తెలుసని అంగీకరించారు" అయి కూర్చుంటుంది. కంపెనీల చట్టం 447 కింద ఫ్రాడ్ అనాలంటే మోసం చేసే ఉద్దేశం ఉండాలి, నేరం రుజువైతే ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా జైలు. అంటే మీకు నిజంగా ఎప్పుడు, ఏం తెలుసు అన్న ఆ ఒక్క ముక్క మీదే మీ కథంతా నిలబడుతుంది. అనుమానం వచ్చి ఉంటే అది ఎప్పుడు వచ్చింది, వచ్చాక మీరేం చేశారు, ఎవరికి చెప్పారు, ఇవన్నీ ముందు మీ లాయర్ దగ్గర కూర్చుని మాట్లాడుకోండి, మొదటిసారి ఆ గదిలో కాదు. రాసిచ్చిన స్టేట్‌మెంట్ మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. బయటికొచ్చాక మెట్ల మీదే కూర్చుని అయినా, ఏమేం అడిగారో ఏమేం చెప్పారో రాసేసుకోండి.

ఆఫీసు ఇంటర్వ్యూ ఒకటి, ఏజెన్సీ పిలుపు ఇంకొకటి, ఈ రెంటినీ కలపకండి. ఈడీ మనీ లాండరింగ్ నిరోధక చట్టం (పీఎంఎల్ఏ) 50వ సెక్షన్ కింద సమన్లు పంపితే వెళ్లి నిజం చెప్పాలి, ఆ దశలో 20(3) వర్తించదని 2022 జూలైలో సుప్రీం కోర్టే చెప్పింది. కంపెనీల మోసాల్ని దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ ఎస్ఎఫ్ఐవో ప్రమాణం చేయించి అడిగి రాసుకున్నది మీ మీదే సాక్ష్యంగా వాడొచ్చు. అలాంటి కాగితం ఏది చేతికొచ్చినా ఆ రోజే లాయర్ దగ్గరికి పరిగెత్తండి. ముందే వెళ్లి సాక్షిగా చెప్పడమా, ఆగడమా అన్నది కూడా ఆయనో ఆవిడో మీ కాగితాలన్నీ చూసి చెప్పాల్సిన మాట, నేను ఒక లెటర్ చదివి చెప్పకూడదు.

మొదట డిలీట్ చేయొద్దన్నాను. మేనేజర్ సార్ "పోస్ట్ చెయ్యమ్మా, సంతకం తర్వాత తెప్పిస్తా" అన్నది నోటి మాటగానా, వాట్సాప్‌లోనా? వాట్సాప్‌లో అయితే, మీకు చెప్పి చేయించారు అనడానికి ఈ లోకంలో ఉన్న సాక్ష్యం అదొక్కటే కావొచ్చు. ఆయన డిలీట్ చెయ్యమనడంలో ఆశ్చర్యమేముంది! ప్రభుత్వ దర్యాప్తు జరుగుతున్నప్పుడు డాక్యుమెంట్లు, రికార్డులు మాయం చేయడం కంపెనీల చట్టం 229 ప్రకారం ఫ్రాడ్‌కి పడే శిక్షకే దారి తీస్తుంది, సాక్ష్యంగా పనికొచ్చే రికార్డులు నాశనం చేయడం మీద భారతీయ న్యాయ సంహితలో 241 కూడా ఉంది. బిల్లుల విషయంలో మీ తప్పు ఉందో లేదో ఇంకా తేలాలి, డిలీట్ చేస్తే మాత్రం తప్పు తేలినట్టే. ఆయన మళ్లీ అడిగితే "ఇన్వెస్టిగేషన్ నడుస్తోంది కదా, నేను దేన్నీ ముట్టుకోను సార్" అని ఒక ముక్క మెసేజ్ పెట్టి ఊరుకోండి.

దీనికి పూర్తిగా తిరగేసి కూడా చేయకండి. భయపడి ఆఫీసు మెయిల్స్ అన్నీ రాత్రికి రాత్రి సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకునేవాళ్లు ఉంటారు, అది ఐటీ వాళ్లకి పొద్దున్నే తెలుస్తుంది, లంచాల కేసు పక్కన పెట్టి డేటా దొంగతనం కింద తీసేయడం కంపెనీకి సులువు. ఏ మెయిల్ ఏ తేదీన ఎవరి నుంచి ఏ సబ్జెక్ట్‌తో వచ్చిందో ఇంటికొచ్చాక గుర్తున్నంత రాసుకోండి. మీ లాయర్‌కి అవే ఆనవాళ్లు, రేపు కోర్టు ద్వారా వాటిని తెప్పించొచ్చు.

రిజైన్ సంగతి. నాన్నగారి ప్రేమ అర్థమవుతుంది, మా నాన్న అయినా అదే అనేవాడు. కానీ ఇప్పుడు రిజైన్ చేస్తే జరిగినదానికి బాధ్యత ఏమీ తగ్గదు, "ఇన్వెస్టిగేషన్ మొదలవగానే వెళ్లిపోయారు" అన్న వాక్యం రిపోర్ట్‌లో అదనంగా పడుతుంది. ఉండండి. ఉంటూనే, సంతకం లేని బిల్లు ఇంకొక్కటి కూడా పాస్ చేయకండి, ఎవరైనా చేయమంటే "సైట్ సర్టిఫికేషన్ రాగానే చేస్తాను సార్" అని మెయిల్‌లోనే జవాబివ్వండి. హెచ్ఆర్ వాళ్లు ఒకరోజు పిలిచి, టైప్ చేసి ఉంచిన రాజీనామా ముందు పెట్టి, ఇప్పుడే సంతకం పెడితే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం అంటే, చదివి రేపు చెప్తానని లేచి రండి. నాలుగు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకునే ప్రయత్నం ఈ నెల నుంచే మొదలుపెట్టండి, ఎందుకంటే నేను చెప్పినట్టు అన్నీ సరిగ్గా చేసినా ఉద్యోగం పోవచ్చు, ఆ మాట దాచి మీకు ధైర్యం చెప్పలేను. జర్మనీ కంపెనీ సీమెన్స్ తన పెద్ద లంచాల కేసులో 2007లో, ముందుకొచ్చి నిజం చెప్పిన కింది ఉద్యోగుల్ని తీసేయం అని మాటిచ్చింది, అప్పటిదాకా బిగుసుకుపోయినవాళ్లు అప్పుడు నోరు విప్పారు. మీ కంపెనీ అలాంటిదేమైనా కాగితం మీద ఇస్తుందేమో మీ లాయర్‌తో అడిగించండి. నాకైతే పెద్ద ఆశ లేదు, అడగడంలో పోయేదేం లేదు.

చివరిది, ఫోన్. ల్యాప్‌టాప్ కంపెనీది, అడగ్గానే ఇచ్చేయండి, తేదీ, సీరియల్ నంబర్ రాసి రసీదు తీసుకోండి. సొంత ఫోన్ మీది. కంపెనీ లాయర్‌కి పోలీసుల్లా సోదా చేసే అధికారమేం లేదు, అడగగలడు, అంతే. కాకపోతే ఒక ఫారం ముందు పెట్టి "ఫార్మాలిటీ అండీ, ఇమేజ్ తీసుకుని అరగంటలో ఇచ్చేస్తాం" అంటాడు, ఇమేజ్ అంటే ఫోన్ మొత్తానికి కాపీ, అందులో మీ చాట్‌తో పాటు మీ అమ్మతో, మీ డాక్టర్‌తో, మీ లాయర్‌తో మాట్లాడుకున్నవన్నీ వెళ్తాయి. "మా లాయర్‌ని అడిగి చెప్తాను" అనండి. కాదనడం కాదు, ఔననడం కాదు. తర్వాత మీ లాయర్ ముందు ఆ ఒక్క చాట్ వరకే ఇవ్వడానికి ఒప్పుకోవచ్చు, అది మీకే మేలు కూడా చేయొచ్చు. మంగళవారం మాత్రం ఫోన్ స్విచాఫ్ చేసి బ్యాగ్‌లో పెట్టుకుని లోపలికి వెళ్లండి, టేబుల్ మీద పెట్టకండి.